లారీ వెళ్ళేదాకా

పొంతెవెద్ర ఊళ్ళో నలభై ఏళ్ళు
పియానోల చెవులు మెలిపెట్టి బతికాను.
నా పనిలో సగం వినడం.
మిగతా సగం, ఒకప్పుడు,
లారీ వెళ్ళేదాకా ఆగడం.

ఒక్కో స్వరానికి మూడు తీగలుంటాయి, మీకు తెలుసో లేదో.
మూడూ ఒక్క మాట మీదికి వచ్చేముందు
వాటి మధ్య ఓ వణుకు పుడుతుంది
వువ్... వువ్...... వువ్.........
జ్వరం దిగుతున్న బిడ్డ ఊపిరిలా నెమ్మదిస్తూ.
అది పూర్తిగా ఆగినచోట నా రెంచి ఆగాలి.
సరిగ్గా అప్పుడే
ఒబ్దూలియా గారి మేడ కింద, మలుపులో,
చేపల లారీ గేరు మార్చేది.

మళ్ళీ మొదటికి.

మావి రాతిగోడల సందులు.
అసలు ఒక్క హారన్, వడ్డీ నాలుగు.
తెల్లవారుజామున మూడింటికి లేచి
దొంగలా మెట్లెక్కి శృతి చేసిన ఇళ్ళున్నాయి.
కిటికీలకు మేకులు కొట్టేసిన ఇళ్ళున్నాయి.

అయినా సరే,
కార్లు లోపలికి రావద్దని ఊరు తీర్మానించిన ఏడు
అందరికంటే గట్టిగా తిట్టినవాణ్ణి నేనే.
పనిముట్ల పెట్టె పద్దెనిమిది కిలోలు మరి.
నా తెల్ల రెనో కారు బానెట్ మీద కాగితం పరిచి
పళ్ళకొట్టు షుర్షో, నేనూ సంతకాలు పోగేశాం.
"నా కొట్టు మూతపడుద్ది" అన్నాడు వాడు.
"నా భుజం పడిపోద్ది" అన్నాను నేను.
కొట్టు మూతపడిన మాట నిజమే,
పదకొండేళ్ళ తరవాత, వాడి నడుం నొప్పి వల్ల.
నా భుజం ఇదుగో, ఇక్కడే ఉంది.
పెట్టెకి ముందు రెండు చక్రాలు బిగించాను,
తరవాత మేనకోడలు ఉషియా ముందు తొట్టి ఉన్న మూడు చక్రాల సైకిలు ఇచ్చింది.
మరీన్ వెళ్ళాలంటే బస్సు.
డ్రైవరు ఎర్మితాస్ ఆ పెట్టెకి కూడా
"కూర్చున్నారా?" అని అడిగి గాని బండి కదపదు.

బస్టాండు గోడ మీద ఓ పటం ఉంది.
రంగురంగుల గీతలు, చుక్కలు.
కొత్తవాళ్ళు మెట్రో అనుకుని
రైలెక్కడ ఎక్కాలని నన్నడుగుతారు.
మీరు ఎక్కేసే ఉన్నారంటాను, వాళ్ళ బూట్లు చూపించి.
చుక్కకీ చుక్కకీ మధ్య నడక నిమిషాలు రాసుంటాయి.
ఇక్కణ్ణుంచి ఒబ్దూలియా గారింటికి ఎనిమిది.
నా మోకాళ్ళ లెక్కలో పధ్నాలుగు.

మొదటి వారం ఊరు చెవిటిదైనట్టనిపించింది.
తరవాత చప్పుళ్ళు ఒక్కటొక్కటే తిరిగొచ్చాయి,
అప్పులవాళ్ళకు జడిసి ఊరొదిలిన కుటుంబంలా,
ముందు పిల్లలూ, వెనకాల పెద్దలూ.
కాఫీ గ్లాసులో చెంచా.
కొత్త చెప్పు కిర్రుమంటుంటే కావాలనే తొక్కుతూ పోయే కుర్రాడు.
కమేలియా కొమ్మ ఎవరు కోశారని
ఇద్దరాడవాళ్ళ మధ్య రెండేళ్ళుగా నడుస్తున్న తగవు.
వానకి,
పెంకు మీద ఒకటి, రాయి మీద ఒకటి, గొడుగు మీద ఒకటి,
ఇన్ని గొంతులున్నాయని
నాకు యాభై రెండో ఏట తెలిసింది.

ఇప్పుడేమో నా చెవి పోతోంది.
పై కొసన పన్నెండు మెట్లు ఎడమ చెవికి వట్టి చెక్కచప్పుడు.
పళ్ళున్నన్నాళ్ళూ శనగల్లేవు, ఇప్పుడు చూడండి.

అందుకే ఒబ్దూలియా గారి మనవరాలు సబేలాని
పక్కన నిలబెట్టుకుంటున్నాను.
తొమ్మిదేళ్ళది. బడి నుంచి ఒక్కతే నడిచొస్తుంది,
దారిలో ప్రతి గడపకీ ఓ కబురు చెప్పి, ఓ కబురు తీసుకుని.
మేకులు పీకిన కిటికీ బార్లా తెరిచి
మీట నొక్కుతాను.
"వణుకుతోంది" అంటుంది.
వెంట్రుకవాసి తిప్పుతాను.
"ఇంకా... ఇంకా కొంచెం..."
తన కళ్ళు మూసుకునే ఉన్నాయి.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకాగావు తాతా? అయిపోవచ్చింది."
"చేపల లారీ వెళ్ళనీ" అన్నాను, అలవాటుగా.

పిల్ల కిటికీలోంచి నడుం దాకా వంగి
వీధి ఆ చివరా ఈ చివరా చూసింది.

"ఏ లారీ?"