ఉప్పందింది

డండీలో ఫిబ్రవరి. నాలుగున్నరకే దీపాలు.
కొండమీది ఆసుపత్రిలో కిటికీ లేని గది.
గాలిమీద తేలే బల్లకి మోచెయ్యి తగలకుండా
వెంట్రుకలో యాభయ్యో వంతు గాజుమొనని
ఒక మెడ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

మెడ పక్కన చిన్న బుడిపె,
దారికి కట్టుకుని విప్పడం మరిచిన సద్దిమూట.
పట్టు దొరికేది అక్కడే.
గొట్టంలోంచి మెల్లగా పీలుస్తాను.
పద్నాలుగు సార్లు జారిపోయాడు.
పదిహేనోసారి, ఎందుకో, ఒప్పుకున్నాడు.

సీసా మీద పేరుండదు, నంబరే.
చలికి చెడకుండా చంకలో పెట్టుకుని
తెచ్చిచ్చింది తనే కాబట్టి నాకు తెలుసు:
గ్రెగర్ మెల్‌డ్రమ్, ఇరవై రెండో నంబరు బస్సు డ్రైవరు.
లెక్క బాగుంది. ఈత బాగుంది.
ఆరేళ్ళుగా "కారణం తెలియదు" అంటున్న కాయితం
మడతల దగ్గర చిరిగిపోయింది.

ఈత వస్తే చాలదండీ, అన్నాను ఆ రోజు.
లోపలికెళ్ళాక గంటల తరబడి తయారవ్వాలి.
పైనున్న కొవ్వు రాలాలి.
కడుపులో పులుపు బయటికి పోవాలి, దానికో ద్వారం.
పొటాషియం సెలవు తీసుకోవాలి, దానికింకోటి.
అప్పుడు అండం చుట్టూ మూగిన కణాల నుంచి కబురొస్తుంది.
గుట్టుగా సంగతి చేరవేస్తే
మా భాషలో ఉప్పందించారంటాం.
(ఇక్కడ అందేది ఉప్పు కాదు, సున్నం.
మాట బాగుందని వదల్లేకపోయాను.)
తోక పొడుగునా నాలుగు బారుల్లో తలుపులు తెరుచుకుని
కాల్షియం లోపలికి దూకితే
మర్యాదగా ఈదుతున్నవాడు కొరడా అయిపోతాడు.
ఆ విసురు లేనిదే పెంకు చీలదు.

"నా బస్సు తలుపులు తెరుచుకోకపోతే
తిట్లు నాకే" అని నవ్వాడాయన.

ప్రొజెస్టెరాన్ వదిలాను.
ఇంకొకరి కణంలో అయితే ఈ పాటికి
బావిలోకి చేద జారినట్టు గీత కిందికి దిగేది.
ఇది దిగలేదు.
మందు పాతదేమోనని కొత్త సీసా తీశాను.
మరో కణం. ఇంకో మూడు.
బల్లపరుపుగా, ఎవరూ తడి అంటించని గచ్చులాగా, గీత.

చచ్చిపోలేదు వీళ్ళు. తోకలాడుతున్నాయి.
కబురు గుమ్మం దాకా వచ్చి నిలబడే ఉంది.
ఇక సూదితో గుచ్చి పంపడమొక్కటే దారి.
అది ఫలిస్తుంది కూడా, చాలాసార్లు.
కానీ ఆ మాట చెప్పాల్సింది డాక్టరు, గురువారం.

పదకొండుంబావుకి స్టాపులో నేనూ,
చేపముక్క పొట్లంకోసం కాచుకున్న సీగల్ ఒకటీ.
కింద టే నది పోటెక్కుతున్న వాసన.
వచ్చింది ఇరవై రెండే.
"ఈ పూట కూడా ఆలస్యమేనా, దీపావతీ?"
అద్దంలోంచి నా మొహం వెతుకుతున్నాడు.

ఉప్పందించే హక్కు నాకు లేదు.
కార్డు తాకించి, ముందు సీటు ఖాళీగా ఉన్నా
వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.
నా స్టాపు రాగానే
బుస్సుమంటూ తలుపులు
ఎవరూ నేర్పకుండానే తెరుచుకున్నాయి.