సేదు సంచి

కోనాం పొట్ట కోసినప్పుడు
కత్తి కంటే ముందు నా బొటనేలు ఎల్తాది.
కార్జం పక్కన, పచ్చగా, బటానీ గింజంత.
అది పగిలిందా,
మూడు కేజీల సేప ముప్పై నీల్లకి కడిగినా సేదే.
మాయమ్మ నాకు ముందు నేర్పింది కొయ్యడం కాదు,
పగలకుండా తియ్యడం.

ఇరవయ్యారేల్లు. ఫిషింగ్ హార్బర్, రేకుల షెడ్డు,
ఎన్ని సంచులు తీసి కాకులకి ఇసిరినానో.
నాకూ ఒకటుందని మాత్రం
ఎవురూ సెప్పలేదు.

పోయిన ఆసాడం నుంచీ నొప్పి.
కుడి డొక్క కింద మొదలై ఈపు మీదకెక్కి
రెక్కలో గాలంలాగ దిగబడతాది.
నూని కూర తిన్న రాత్రి మరీని.
గేసన్నారు. సోడా తాగమన్నారు.
ఆడపడుచు నూకరత్నం దిష్టి తీసింది.
మందుల కొట్టు కుర్రోడి తెల్ల బిల్లలు
ఆరు నెల్లు మింగినాను.
స్కానింగు తీసి రాల్లు లేవన్నారు.
రాల్లు లేకపోతే నొప్పీ లేనట్టే
ఇంటికి పంపేసినారు.

పెద్దాసుపత్రి ఎత్తు, ఆగి ఆగి ఎక్కినాను మల్లీ.
సూది పొడిచి గంట సేపు మిషను కింద పడుకోబెట్టినారు.
డాక్టరమ్మ సిన్న పిల్ల, ఏలి మీద ఇంకు మరక,
కాగితం మీద సంచి బొమ్మేసింది.
"తిన్నప్పుడల్లా ఇది పిండుకోవాలమ్మా.
నీది నూటికి పద్నాలుగు పాళ్ళే పిండుతోంది.
మిగతాదంతా లోపలే నిలవ."

నిలవంటే నాకు తెలీదేటి?
హార్బరు మూతికాడికి డ్రెడ్జరు ఒక్క ఏడు రాకపోతే
ఇసక మేటేస్తాది,
బోటు బయటికీ పోదు, లోపలికీ రాదు.
ఆ మాటే అన్నాను. పెన్ను ఆపింది.
"అంతే. నిలవున్నది బురదవుతుంది,
బురద రాయి కావచ్చు.
రాయి జారి కాలవకి అడ్డం పడితే
కళ్ళు పచ్చబడతాయి, చలిజ్వరం.
ఆ కాలవ చివరే క్లోమం కాలవ కూడా కలుస్తుంది,
అది గానీ వాచిందంటే..."
అక్కడ ఆపేసింది.
మాట సగంలో ఆపడం ఈల్లకి సదువులోనే నేర్పుతారు కాబోలు.
"అందరికీ అలా అవదులే. కళ్ళు పచ్చబడితే మాత్రం
తెల్లారేదాకా ఆగకు, ఆ రాత్రే రా."

తీసేస్తే బతుకుతానా?
బతుకుతానంట. కార్జం సేదు సేస్తానే ఉంటాదంట,
సుక్క సుక్క నేరుగా పేగులోకి.
దాసుకోడానికి సోటుండదు, అంతే.
దాసుకోకపోయినా మనిసి బతుకుతాదంట!
ఈ మాట మా అత్తకి సెప్పాలి.

సంతకం ఎట్టే ముందు ఆ పిల్ల సేతులు సూసినాను.
సన్నటి ఏల్లు.
"ఎన్ని తీసినావమ్మా?"
నవ్వింది. "మా సారు తీస్తారు. నేను పక్కనుంటాను."
"అయితే సారుకి సెప్పు,
ముందు బొటనేలు ఎట్టమను. కత్తి తరవాత."

మర్నాడు సందువ పొట్టలోంచి తీసిన సంచిని
అరిసేతిలో ఎట్టుకుని సూసినాను.
ఏదో తెలుస్తాదని కాదు, ఊరికే.
బేరగాడు తొందరెట్టినాడు.
కాకి అరిసింది.
ఇసిరేసినాను.