పదకొండు శాతం

సనత్‌నగర్ ఈఎస్‌ఐలో నా బల్లమీద
వైద్య మార్గదర్శకాల పుస్తకం ఒకటుంది.
అట్ట ఊడిపోతే ఎక్స్‌రే కవరు చుట్టాను.
తెగిన చేతికి అందులో ఒక క్యాలెండరు:
మూడో వారం కట్టు విప్పు,
ఆరో వారం పిడికిలి,
పన్నెండో వారం పనిలోకి.
సిట్టింగులు పన్నెండు. మించితే కారణం రాయాలి.
కారణం రాసే గడి
నా బొటనవేలి గోరంత.

బాలామణి జీడిమెట్ల నుంచి వస్తుంది
రెండు బస్సులు మారి.
డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు
ఆమె కుడి చూపుడువేలు రెండు కణుపులు తీసుకుంది.
"మూత మాత్రం మంచిగనే వచ్చింది మేడం,
సూపర్‌వైజర్ తుడిచి గంపల్నే ఏసిండు"
అంది మొదటిరోజు,
ఎవరి సంగతో చెప్తున్నట్టు.

చట్టం వెనక పట్టికలో వేళ్లకు వరసలున్నాయి.
చూపుడువేలు మొత్తం పోతే పద్నాలుగు శాతం,
రెండు కణుపులైతే పదకొండు.
మెడికల్ బోర్డులో ముగ్గురు డాక్టర్లు
నాలుగు నిమిషాలు చూసి పదకొండు రాశారు.
బయటికొచ్చి నన్నడిగింది:
"మిగిలిన ఎనభైతొమ్మిది యాడున్నది మేడం?
చూపిస్తే దాంతోనే చేసుకుంట."

రేషన్ షాపు మిషను ఆ వేలే అడుగుతుంది.
ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరూ ఆ వేలే.
బియ్యంలో రాయి,
చిన్నోడి చొక్కా పై గుండీ,
చీమ కుట్టిన చోటు...
పట్టికలో వీటికి వరస లేదు.

నేను పళ్లెంలో బఠానీలు పోస్తాను. ఏరుతుంది.
కోణం కొలుస్తాను. నలభై డిగ్రీలు.
పోయినవారం ముప్పై ఎనిమిది.
రెండు డిగ్రీలకు రెండు బస్సులు,
మళ్లీ రెండు బస్సులు.

తొమ్మిదో సిట్టింగులో గొంతు తగ్గించింది:
"లేని వేలు దురద పెడుతున్నది మేడం,
రాత్రి రెండింటికి.
యాడ గోక్కోవాలె?"

పుస్తకం తిరగేశాను.
వాపుకు పేజీ ఉంది, చీముకు ఉంది.
దురదకూ ఉంది,
చర్మం మిగిలినవాళ్ల దురదకు.

ఆదివారం ఎర్రగడ్డ సంతలో
పాత బీరువా అద్దం దొరికింది, తొంభై రూపాయలు.
ఒక మూల రసం రాలిపోయింది.
మామిడిపళ్ల పెట్టెలో దాన్ని నిలబెట్టి
కుడిచెయ్యి వెనక దాచమన్నాను,
ఎడమచెయ్యి ముందు పెట్టమన్నాను.
అద్దంలో అయిదుకు అయిదూ.
ఆమె నవ్వలేదు, ఏడవలేదు.
ట్యూబులైటు కింద చాలాసేపు
కొత్త కోడలు గాజులు చూసుకున్నట్టు చూసుకుంది.
నేను ఎడమ చూపుడువేలి మీద
గోటితో మెల్లగా గీశాను.
"ఇంకొంచెం పైకి మేడం...
ఆ. ఆడనే."

పదమూడో సిట్టింగు కావాలని
కారణం గడిలో 'దురద' అని రాసి పంపాను.
గురువారం ఫైలు తిరిగొచ్చింది,
ఎర్రసిరాతో ఒక్క వాక్యం:
ఏ వేలికో స్పష్టం చేయవలెను.