పిక్క కింద ఉండాలి

బాయిలర్ పాడైందని
మంగళవారం నాడు మాకు సెలవిచ్చారు.
ఇచ్చారనకూడదు, గేటు మూసేశారు.
కిలోల లెక్కన కూలి కాబట్టి
ఆ రోజుకి మా బరువు సున్నా.

"ఇంటికాడుంటే అంట్లే గదేటే,
సికాకోలెల్దాం రాయే" అంది తవిటమ్మ.
పలాసలో పాసింజరెక్కాం.
తిలారు దాటేదాకా ఇద్దరం ఒక్క మాటా ఆడలేదు.
కిటికీకి అటూ ఇటూ జీడితోటలే,
సెలవునాడు కూడా
మేస్త్రీలా వెంటబడి వస్తూ.

నాగావళి ఒడ్డున మొక్కల తోట.
మనిషికి పది రూపాయల టికెట్టు.
ప్రతి చెట్టు మెడలోనూ ఒక రేకుముక్క,
దాని మీద తెల్లరంగుతో పేరు.
నాగలింగం, కర్పూరం, ఎర్రచందనం...
బళ్లో హాజరు పిలిచినట్టు
కూడబలుక్కుంటూ చదువుతుంటే
ఐదో తరగతిలో వదిలేసిన నా గొంతు
నాకే కొత్తగా ఉంది.

మూల మలుపులో, కుళాయి పక్కన
వంకర కొమ్మలతో మన చెట్టు.
ఎవరూ దాని దగ్గర నిలబడి ఫొటో తీసుకోవడం లేదు.
రేకు మీద: జీడిమామిడి.
కింద ఇంకో పేరు,
అనకార్డియం ఆక్సిడెంటేల్.
కట్టిన తీగ బెరడులోకి దిగిపోయి
చెట్టు దాన్ని సగం మింగేసింది.
"ఇరవయ్యేళ్లు దీని తొక్క వలిసినాను,
ఇంత పేరున్నాదని ఒక్కనాడూ సెప్పనేదు సూడు"
అని తవిటమ్మ దాని మానుమీద ఒకటి వేసింది,
పెళ్లిసంబంధం సంగతి దాచిన చెల్లెల్ని కొట్టినట్టు.

తోట చివర బొమ్మల మేడ.
గుమ్మంలోనే బోర్డు: చిత్రాలను తాకరాదు.
మేం చేతులు వెనక్కి కట్టుకున్నాం.
అదేం కొత్త కాదు,
పెళ్లిళ్లలో, పేరంటాల్లో
ఈ నల్ల వేళ్లని కొంగులో దాచడం అలవాటే.
జీడినూనె తగిలిన చోట తోలు రాలుతుంది,
మళ్లీ వస్తుంది, మళ్లీ రాలుతుంది.

లోపల చల్లగా, సున్నం వాసన.
ఒక దొరసాని, తామరకాడల్లాంటి చేతులు.
గుర్రం మీద ఎవరో. గుర్రమే బాగుంది.
ఒక దాన్నిండా ఎర్రరంగు తప్ప ఏమీ లేదు,
తవిటమ్మ దానిముందే చాలాసేపు నిలబడింది,
ఎందుకని నేనడగలేదు.
ఆ తర్వాత ఒక పళ్లెం.
పళ్లెంలో దానిమ్మ, సీతాఫలం, ఒక జీడిపండు.
పసుపులోంచి ఎరుపులోకి జారే ఆ నిగనిగకి
నా నోట్లో వగరు ఊరింది.

"ఒలే, పిక్కెక్కడుందో సూడే."

పిక్క తొడిమ దగ్గర ఉంది.
పండు నెత్తిన, కిరీటంలా.

ముందు ఆమె నవ్వింది, తర్వాత నేను.
ఆ గదిలో నవ్వకూడదేమో,
కుర్చీలోంచి కాపలా అసిరయ్య లేచొచ్చాడు.
"ఏటమ్మా, ఏటయినాది?"
"పిక్క కిందుండాల బాబూ. పండు పైనుండాల.
మీ బొమ్మలో తల్లకిందులైపోనాది."
ఆయన కళ్లజోడు పైకి తోసి చూశాడు.
పదకొండేళ్లుగా ఆ బొమ్మ దుమ్ము తుడుస్తున్నాడట.
"ఏసినాయన శానా గొప్పోడమ్మా."
"గొప్పోడే. రంగు అచ్చం అదే" అంది తవిటమ్మ.
"తోటకెల్లుండడు. పిక్క తీసేసింది
సంతలో కొనుంటాడు."

వచ్చేస్తుంటే అభిప్రాయాల పుస్తకం తెరిచాడు.
పైన ఎవరెవరో రాశారు, అద్భుతం, చాలా బాగుంది.
నేను రాశాను: పిక్క కింద ఉండాలి.
తవిటమ్మ వేలిముద్ర వేసింది.
రేషన్ మిషన్ ఎన్నడూ గుర్తుపట్టని వేలు,
గీతలన్నీ నూనె తినేసింది.
కాగితం మీద నీలంగా ఒక మచ్చ పడింది,
కాస్త వంకరగా.
అసిరయ్య వంగి
అది ఆరేదాకా ఊదాడు.

బుధవారం బాయిలర్ మండింది.
ఆవిరిలోంచి మొదటి పిక్కని చేతిలోకి తీసుకుని
"రాయే అనకాడీ" అంది తవిటమ్మ.
ఎవర్ని పిలుస్తున్నావని
సూపర్‌వైజర్ కేకేస్తే
ఇద్దరం తలెత్తలేదు.