చప్పిడి

సింగరాయకొండ ఆసుపత్రిలో ఆ చిన్న డాక్టరమ్మ
నా జబ్బకి పట్టీ చుట్టి, గాలి కొట్టి,
పాదరసం ఎందాకా ఎగబాకిందో చూసి
"అవ్వా, ఇంక నువ్వు ఉప్పు మానెయ్యాల" అంది.

నాకు నవ్వాగలా.
నవ్వితే దగ్గు, దగ్గితే ఇంకోటి.
ఆ ఇంకోటి సంగతి ఈడు మళ్ళిన ఆడోళ్ళకి చెప్పక్కర్లా.
కాళ్ళు దగ్గరికి బిగించుకోని మరీ నవ్వా.

ఉప్పు మానెయ్యాలంట!
బింగినపల్లి కొటార్లలో నలభై రెండు ఎండాకాలాలు
మడి మడికీ పలక లాగి
గంప నెత్తికెత్తి గట్టు మీద కుప్ప పోసినదాన్ని.
సముద్రాన్ని ఎండేసి అమ్మినదాన్ని.
కందుకూరులో ఏ ఇంటి జాడీ మూత తీసినా
అందులో నా నడుం ఒక చిటికెడు ఉంటది.

ఒంగోల్లో మెడకి ఫోటో తీసినాయన
ఎముకలు అరిగినయ్యని వేలు పెట్టి చూపించి
"ఏం మోశావమ్మా ఇంతగా?" అనడిగాడు.
"మీ ఇంట్లో పప్పుచారు రుచిగానే ఉంటదిగా నాయనా" అన్నా.
ఆయనకి అర్థమయ్యేసరికి నేను మెట్లు దిగతన్నా,
మెట్టు మెట్టుకీ మోకాళ్ళు ఒక మాట అంటంటే.
అననీ.
అన్నేళ్ళు నోరెత్తకుండా మోసినయ్,
ఇప్పుడన్నా మాట్లాడుకోనీ పాపం.

ఇంట్లో మా మాలకొండయ్యకి షుగరు.
ఆయనకి తీపొద్దు, నాకు ఉప్పొద్దు.
అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అని
డబ్బాలో కూర్చోని ఉప్పు నన్ను ఎగతాళి చేస్తంటది.
నా వంకాయ కూర నాలిక్కి తగిలించి
"దీంతో గోడకి మెత్తుకోవచ్చు గదా" అంటాడాయన.
ఆయన టీ ఒక గుక్క తాగి
నేనూ ఏం తక్కువ తిన్లేదు, నాలుగు మాటలంటా.

మొన్న నడిరాత్రి లేచా.
మస్తాన్‌బీ ఇచ్చిన ఎండు సావిడాయి
ఉట్టి మీంచి నన్ను పేరు పెట్టి పిలిచింది మరి.
తడుముకుంటా వంటింట్లోకి పోతే
చీకట్లో ఇంకో చెయ్యి తగిలింది.
ఆ చేతిలో బెల్లం.

ఎవరం ఎవర్నీ ఏం అడగలా.
కింద కూర్చున్నాం, కూర్చోడానికే సగం రాత్రి పట్టింది.
ఆయన బెల్లం కొరికి సగం నాకిచ్చాడు,
నేను చేప తుంచి సగం ఆయనకిచ్చా.
పళ్ళు ఇద్దరికీ కలిపి పదకొండు,
పొద్దు పొడిచేదాకా నమిలాం.
మంగళవారం ఆసుపత్రిలో పాదరసం
మా ఇద్దరి మీదా చాడీలు చెప్పింది.

తర్వాత కంటి ఆపరేషను.
పట్టీ విప్పి ఇంటికి తీసుకొస్తన్న ఆటో అబ్బాయిని
"కాస్త కొటార్ల మీదగా పోనీ అబ్బయ్యా" అన్నా.
గట్టు పక్కన ఆపాడు.

ఓయమ్మ!
తెల్లగా ఉంటదని తెలుసుగానీ ఇంత తెల్లగానా!
పని చేసినన్నాళ్ళూ ఎండకి కళ్ళు చికిలించే చూశా,
నిండుగా చూసిందెప్పుడు?
ఈ తెలుపే నా కంటిని తినిందని చెప్పాడు కళ్ళ డాక్టరు.
తింటే తినింది లే.
నేను దాన్ని తిన్లేదా ఇన్నాళ్ళు? చెల్లుకు చెల్లు.

మడిలో వంగి పలక లాగే పిల్ల
"ఎవురవ్వా?" అని కేకేసింది.
నా పేరు చెప్పినా తెలవదు దానికి.
"నడుం అప్పుడప్పుడు లేపమ్మా" అని మాత్రం అరిచా.

అప్పుడే కంట్లో నీళ్ళొచ్చినయ్.
మూడు వారాలు కన్ను రుద్దగూడదన్నారు గదా,
తుడుచుకోకుండా అట్టానే నిలబడ్డా.
చెంప మీద ముడతలన్నీ దాటుకోని, నిదానంగా,
పెదాల దాకా వచ్చింది ఒక బొట్టు.
ఉప్పగా ఉంది.

ఇది లెక్కలోకి వస్తదో రాదో
వచ్చే మంగళవారం డాక్టరమ్మని అడగాల.