రెండో భోంగ

మా ఊరికి ముందుగాల పేరు లేదు.
వాగు ఒడ్డున సర్కారు తుమ్మలు, పలుగురాళ్లు.
మేకలోళ్లు "ఆ బోడు" అనేటోళ్లు.
కాయితం కంపెనీ వచ్చి సున్నంతోని గీతలు గీసి
ఏ లైను, బీ లైను, సీ లైను అన్నది.
డీ లైను కాడికి వచ్చేసరికి సున్నం ఒడిసింది,
అందుకే మా ఇండ్లు జర వంకర.

ఊరి చరిత్ర అడిగితే
అమ్మ సందుగల నుంచి ఇత్తడి బిల్ల తీస్తది.
నాలుగొందల పదిహేడు. అంచు అరిగిపోయింది.
బిల్ల మీద నాయిన పేరు లేదు,
నాయిన మీద బిల్ల పేరుండె.
ఆయన సచ్చిననాడు గూడ
"నాలుగొందల పదిహేడు పోయిండు" అన్నరు.

గడియారం ఒక్క టైమాఫీసుల ఉండేది.
మిగిలిన ఊరంత చెవులతోనే పొద్దు చూసేది.
నేను రెండో భోంగకు పుట్టిన.
కొలిపాక ఎల్లవ్వ బొడ్డు కోస్తుంటే కూత మొదలైందట,
అది ఆగేదాక నేను ఏడ్వలేదట.
నా బదులు అది ఏడుస్తుందనుకున్ననేమో.

వెదురు లోపలికి పచ్చగ పోయి తెల్లగ బయటికొచ్చేది.
వాగు నీళ్లు తెల్లగ పోయి నల్లగ వచ్చేటివి.
తెల్లకాయితం పట్నం పోయేది,
కోసిన అంచుల మీద మేం ఎక్కాలు రాసేది.

సమ్మె ఇరవై ఏడు రోజులు.
అన్ని రోజులు ఊళ్లె ఎవ్వలికీ టైం తెల్వలే.
కోళ్లు కూసినయి గని
వాటిని నమ్మినోళ్లు లేరు.

లాకౌటు నోటీసు గేటుకు అంటించిననాడు
నాయిన దాన్ని చదవలే.
మూల పట్టుకొని రెండు వేళ్ల నడుమ రుద్ది
"రెండో నంబరు మిషిన్ది,
తడి సరిగ్గ ఆరలే" అన్నడు.

నలభై దాటినంక, నా మోకాలి నొప్పికి
గ్రహాలే కారణమని ఎవలో అంటే
పంతులు దగ్గరికి పోయిన.
పుట్టిన టైమెంత?
రెండో భోంగ.
గంటలల్ల చెప్పమ్మా.

భోంగ తాడు గుంజిన సయ్యద్ బురాన్
బీ లైన్ల ఇంకా ఉన్నడు, కండ్లు పోయినయి.
"రిజిస్టర్ల ఆరు గంటలు బిడ్డా.
నేను గుంజింది ఆరూ నాలుగుకు.
ఆత్రం లచ్చుబాయి వాగు దాటి రావాలె,
చంకల పిల్ల, తల మీద సద్ది గంప.
గేటు మూస్తే ఆమె పూట కూలి పాయె.
ఆమె కట్ట ఎక్కి కనబడ్డంక
తాడు మీద చెయ్యేసేటోణ్ణి.
పదకొండేండ్లు."

సాబుకు తెల్వదా మరి?

"సాబు చేతి గడియారం గూడ
భోంగ ఇనే కలుపుకునేటోడు."

అంటే మా లైన్లల్ల పొద్దుగాల పుట్టినోళ్ల జాతకాలల్ల
ఓ నాలుగు నిమిషాలు లచ్చుబాయివి.
ఆమె ఏ గూడేనికి పోయిందో,
ఆ చంకల పిల్ల ఎంత పెద్దదైందో
బురాన్ తాతకు తెల్వదు.

పంతులుకు ఆరూ నాలుగు అని చెప్పిన.
అంత కచ్చితంగ ఎట్ల తెలుసన్నడు.
నేనేం చెప్పలే.
మోకాలు అట్లనే ఉన్నది.

చిమ్నీని పాత ఇనుపోళ్లు కోసుకపోయిండ్రు.
భోంగను తూకానికి అమ్మిండ్రు,
పద్దెనిమిది కిలోలు ఎల్లిందట.