జూలైలో ఏడుస్తావు

మస్కట్, రువి, నాలుగో అంతస్తు.
కింద కరక్ చాయ్ కొట్టు, పైన మా కంపెనీ.
కుళాయి ఎక్కని కొండ ఇళ్లకి
ఏ నీళ్ల ట్యాంకర్ ఎటు తిరగాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మాది.
పదకొండేళ్లు. ముప్ఫై ఒక్క మంది.
ఒక మంగళవారం యజమాని హిలాల్ గారు
తలుపు మూసి, కహ్వా పోసి,
"దుబాయ్ వాళ్లు కొంటున్నారు" అన్నారు.
ఖర్జూరం గింజ నా నోట్లోనే ఉండిపోయింది.

ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్పలేదు.
అయినా ప్రింటర్ దగ్గరికి నేను వెళ్లేసరికి
మాటలు మలయాళంలోకి మారేవి,
నాకూ కొంచెం వచ్చని మర్చిపోయి.

ఆరు వారాలు. నాలుగువందల పన్నెండు ప్రశ్నలు.
సంతలో ఎద్దుకి పళ్లు చూసినట్టు
మా సర్వర్లకి పళ్లు లెక్కపెట్టారు.
విరిగిన పన్ను ఇదీ అని నేనే నోరు తెరిచి చూపించాను:
డేటా పోయిన ఆ రంజాన్ రాత్రి,
డబ్బు కట్టకుండా వాడుతున్న ఒక లైసెన్సు,
నాకొక్కదానికే తెలిసిన పాస్‌వర్డ్.
ధర కొంత తగ్గింది. హిలాల్ గారి మొహం మాడింది.
సంతకాలయ్యాక బయటపడి ఉంటే ఏమయ్యేదో
ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

మూడువందల ఏడో ప్రశ్న:
"ఈ ఫైల్లో ఉన్న వాక్యం ఏ భాష? అర్థమేమిటి?"
తెరిచాను. రహంతుల్లా రాత.
రాయచోటి మనిషి, మా మొదటి ఉద్యోగి,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు గిలికి పెట్టాడు
ఎప్పుడో, ఏ తెల్లవారుజామునో:
"దీన్ని ముట్టుకోకు. జూలైలో ఏడుస్తావు."
అర్థం రాసి పంపాను. కారణం రాయలేకపోయాను.
అతన్నే అడిగితే తల గోక్కున్నాడు:
"గ్యాపకం లేదు మేడమ్. కానీ నిజమే అయ్యుంటాది."

ఆ మధ్యాహ్నమే ఇంకో మెయిలు:
అవసరమైనవాళ్లు, అక్కర్లేనివాళ్లు, రెండు కాలమ్‌లు పంపండి.
ఇక్కడ కాలమ్ అంటే వీసా.
వీసా అంటే వాది కబీర్‌లో అద్దె,
ఇండియన్ స్కూల్లో మూడో తరగతి,
ఎవరి అక్క ఆపరేషన్‌కో వెళ్లాల్సిన ఈ నెల జీతం.
తెల్లారేసరికి నేను మూడో కాలమ్ చేర్చాను:
"ఈ మనిషి పోతే ఏది ఆగుతుంది?"
రహంతుల్లా ఎదురుగా: "తెలియదు. అందుకే ఉండాలి."
అందరికీ ఏదో ఒకటి రాయగలిగానంటే అబద్ధం.
ఐదు గడులు ఖాళీగా మిగిలాయి.
ఆరు నెలల జీతం కాగితం మీద రాయించుకున్నాకే
వాళ్లకి చెప్పాను, మెయిల్లో కాదు,
కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఒక్కొక్కరికీ.
లిజో నాతో ఇవాళ్టికీ మాట్లాడడు. న్యాయమే.

ఇక నదీన్, వాళ్ల సీటీవో.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని
ఇద్దరికీ తెలుసు, ఇద్దరం నవ్వుతూ హమ్మూస్ తిన్నాం.
కుర్చీ ఆమెదే అయింది.
నేనడిగింది ఒక్కటే: జూలై దాటేదాకా
పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవాలి.
"ఖర్చు రెట్టింపు" అంది.
"ఏరు దాటకముందే తెప్ప తగలేస్తారా?" అన్నాను.
ఇంగ్లీషులో సామెత చప్పగా వచ్చింది. అయినా ఒప్పుకుంది.

జూలై పన్నెండు. నలభై ఎనిమిది డిగ్రీలు.
మధ్యాహ్నం రెండింటికి కొత్త సిస్టమ్
ట్యాంకర్లన్నిటినీ సముద్రంలో చూపించింది.
ఎండకి లారీల్లో పెట్టెలు సొమ్మసిల్లి
తామున్న చోటు సున్నా అంటాయి.
సున్నా అంటే మ్యాపులో నడిసముద్రం.
పాతది ఆ సున్నాని నమ్మదు,
చివరిసారి కనిపించిన చోటే ఉన్నావనుకుంటుంది.
రహంతుల్లా నాలుగు లైన్లు అంతే.

డ్రైవర్ షేర్‌దిల్ ఫోన్ చేశాడు:
"మేడమ్, నేను మునిగిపోయానట.
హమ్రియాలో ఇంటి ముందున్నాను. నీళ్లు పొయ్యాలా, వద్దా?"
పొయ్యమన్నాను.

ఆ రాత్రి నదీన్ ఆ నాలుగు లైన్లూ
కొత్త ఫైల్లోకి తనే దించుకుంది,
పైనున్న వాక్యంతో సహా,
ఒక్క అక్షరం తప్పుతో.
నేను దిద్దలేదు.